సింగరేణి బొగ్గు గనులలో ఉద్యోగి ఆకర్షణ, పోషణ, రక్షణ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గోదావరి లోయలో నూరేళ్లకు పైగా బొగ్గు తవ్వుతున్న సింగరేణి కాలరీస్ కంపెనీ తెలంగాణలో అతిపెద్ద ఇంధన సంస్థలలో ఒకటి. ప్రమాదభరితమైన పనికి మనుషులను ఎలా రప్పించుకున్నది, వచ్చినవారిని ఎలా నిలుపుకున్నది, వారి ప్రాణాలను కాపాడేందుకు ఏ ఏర్పాట్లు చేసింది అనే మూడు అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. శాశ్వత ఉద్యోగుల సంఖ్య తగ్గి, కాంట్రాక్టు కార్మికుల సంఖ్య పెరిగిన దశలో ఈ ఏర్పాట్లు ఎవరి వరకు చేరుతున్నాయో పరిశీలిస్తుంది. గనిలోని ప్రమాదం అందరికీ ఒకటే అయినప్పుడు సంక్షేమం, ప్రాతినిధ్యం కొందరికే పరిమితం కావడం రక్షణ వ్యవస్థకే లోటు అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: సింగరేణి, బొగ్గు గని, మస్టరు, బదిలీ కార్మికుడు, కారుణ్య నియామకం, గని రక్షణ, కాంట్రాక్టు కార్మికులు.

1. ఉపోద్ఘాతం

ఏ పరిశ్రమకైనా కార్మికులతో మూడు రకాల సంబంధం ఉంటుంది. మొదటిది ఆకర్షణ, అంటే పనిలోకి రావడానికి మనిషిని ఒప్పించే కారణం. రెండవది పోషణ, అంటే వచ్చినవాడు తన కుటుంబంతో సహా అక్కడే స్థిరపడటానికి కావలసిన ఆసరా. మూడవది రక్షణ, అంటే ఉదయం పనికి వెళ్లినవాడు సాయంత్రం క్షేమంగా ఇంటికి చేరడం. చాలా పరిశ్రమలలో ఈ మూడింటినీ వేరువేరుగా చర్చించవచ్చు. బొగ్గు గని విషయంలో అది సాధ్యం కాదు. భూమి లోపలి పనిలో ప్రాణభయం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, ఆకర్షణ ఆ భయాన్ని మించేదిగా ఉండాలి. రక్షణ లోపిస్తే ఎంత వేతనమైనా కుటుంబానికి ఊరట కాదు.

సింగరేణి ప్రాంతంలో గనిని జనం 'బాయి' అంటారు. బాయి పని, బాయి దిగడం, బాయి మీద పేరుండడం అనేవి అక్కడి నిత్యవ్యవహారంలోని మాటలు. వీటిలో చివరి మాట ఈ వ్యాసానికి ముఖ్యమైనది. కార్మికుడి హాజరు నమోదును 'మస్టరు' అంటారు. ఒక రోజు పని ఒక మస్టరు. మస్టరులో పేరుండడమే ఇల్లు, వైద్యం, లాభాలలో వాటా, వారసుడికి ఉద్యోగం వంటి అనేక హక్కులకు మొదటి మెట్టు.

2. సంస్థ చరిత్ర, స్వరూపం

1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు పరిసరాలలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో స్థాపితమైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1889లో బొగ్గు ఉత్పత్తి మొదలైంది. 1920 డిసెంబరు 23న 'సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్' అనే పేరుతో కొత్త సంస్థ ఏర్పడి పాత కంపెనీ ఆస్తులను స్వీకరించింది. 1945లో హైదరాబాద్ రాజ్య ప్రభుత్వం అధిక వాటాలు కొనుగోలు చేయడంతో ఇది ప్రభుత్వ సంస్థ అయింది. ప్రస్తుతం ఇందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నది. ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉన్నది.

ప్రాణహిత–గోదావరి లోయ పొడవునా ఆసిఫాబాద్, మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి, కొత్తగూడెం, ఖమ్మం జిల్లాలలో సంస్థ కార్యకలాపాలు విస్తరించాయి. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో 1,200 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం 2016 నుంచి పనిచేస్తున్నది. గని ప్రాంతాలలో సౌర విద్యుత్ కేంద్రాలు కూడా వెలిశాయి. 2023–24లో బొగ్గు ఉత్పత్తి సుమారు 7 కోట్ల టన్నులకు చేరింది.

ఈ వృద్ధికి సమాంతరంగా మరొక మార్పు జరిగింది. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న శాశ్వత ఉద్యోగులు నేడు సుమారు 40 వేలకు తగ్గారు. ఒకప్పుడు భూగర్భ గనిలో పేల్చిన బొగ్గును ఫిల్లర్లు తట్టా చెమ్మస్‌లతో, అంటే గంపా పారలతో, టబ్బులకు ఎత్తేవారు. ఎస్‌డీఎల్ వంటి లోడింగ్ యంత్రాలు ఆ పనిని తీసుకున్నాయి. 1983లో లాంగ్‌వాల్ పద్ధతి, 2006లో కంటిన్యూయస్ మైనర్ యంత్రం ప్రవేశించాయి. వీటన్నిటి కంటే పెద్ద మార్పు ఓపెన్ కాస్ట్ గనుల విస్తరణ. నేడు ఉత్పత్తిలో అత్యధిక భాగం వాటిదే. అక్కడ బొగ్గుపై ఉన్న మట్టిని తొలగించే పనిలో అధిక భాగం ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతిలో ఉన్నది. శాశ్వత ఉద్యోగులు తగ్గినంత మాత్రాన గనులలో పనిచేసే మనుషులు అదే నిష్పత్తిలో తగ్గలేదు. వారిలో చాలామంది వేరొకరి మస్టరులోకి చేరారు.

3. ఆకర్షణ

3.1 వేతనం

సింగరేణి కార్మికుల వేతనాలు దేశవ్యాప్త ఒప్పందాన్ని అనుసరిస్తాయి. బొగ్గు సంస్థల యాజమాన్యాలు, కేంద్ర కార్మిక సంఘాలు కలిసి కూర్చునే ఉమ్మడి కమిటీ ఐదేళ్ల కాలానికి జాతీయ బొగ్గు వేతన ఒప్పందాన్ని కుదురుస్తుంది. 2021 జులై 1 నుంచి వర్తించే పదకొండవ ఒప్పందంపై 2023 మే 20న సంతకాలు జరిగాయి. అందులో 19 శాతం కనీస ప్రయోజనానికి హామీ లభించింది. సొంత ఊరిలోనే, పెద్ద చదువు లేకపోయినా, జాతీయ స్థాయి వేతనం దొరకడం ఈ ప్రాంతపు యువకులకు బలమైన ఆకర్షణ.

3.2 లాభాలలో వాటా

ఈ సంస్థకు మరొక ప్రత్యేకత ఉన్నది. 1990లలో సంస్థ ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కవలసినంత నష్టాలలో కూరుకుపోయింది. దాని నుంచి కోలుకున్న తరువాత, 1999–2000 ఆర్థిక సంవత్సరం నుంచి, నికరలాభంలో కొంత భాగాన్ని ఉద్యోగులకు పంచే పద్ధతి వచ్చింది. తొలుత 10 శాతంగా ఉన్న వాటా క్రమంగా పెరిగింది. 2023–24 లాభాలకు సంబంధించి, విస్తరణ పనులకు పక్కనపెట్టిన మొత్తం పోగా మిగిలిన 2,412 కోట్ల రూపాయలలో 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకు ప్రకటించారు. సగటున ఒక్కొక్కరికి సుమారు 1.90 లక్షల రూపాయలు దక్కాయి.

ఈ పంపకంలో మస్టర్లే కొలమానం. ఎక్కువ రోజులు పనిచేసినవారికి ఎక్కువ వాటా వస్తుంది. భూగర్భంలో చేసిన మస్టరుకు ఉపరితలంలో చేసిన మస్టరు కంటే ఎక్కువ విలువ కడతారు. ప్రమాదానికి దగ్గరగా ఉన్న పనికి అధిక ప్రతిఫలం ఇవ్వాలనే సూత్రం ఇందులో కనిపిస్తుంది.

3.3 వారసత్వం నుంచి కారుణ్యం వరకు

వేతనం కంటే బలమైన ఆకర్షణ తరువాతి తరానికి దొరికే ఉద్యోగం. తండ్రి స్థానంలో కొడుకు పనిలో చేరే వారసత్వ పద్ధతి సింగరేణి కుటుంబాల జీవితాన్ని తరాలపాటు తీర్చిదిద్దింది. అలా చేరినవాడు మొదట 'బదిలీ కార్మికుడు' అవుతాడు. ఇక్కడ బదిలీ అంటే ఒకచోటి నుంచి మరొకచోటికి మారడం కాదు, రాని మనిషికి బదులుగా పనిచేయడం. భూగర్భంలో అయితే ఏడాదికి 190, ఉపరితలంలో అయితే 240 మస్టర్లు పూర్తిచేసినవాడు జనరల్ మజ్దూర్‌గా స్థిరపడతాడు.

సంస్కరణల కాలంలో ఆగిపోయిన ఈ పద్ధతిని తెలంగాణ ఏర్పడిన తరువాత పునరుద్ధరించే ప్రయత్నం జరిగింది. పుట్టుక ఆధారంగా ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగం హామీ ఇచ్చిన సమానావకాశానికి విరుద్ధమన్న అభ్యంతరంతో వ్యవహారం న్యాయస్థానానికి చేరింది. 2017లో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది. 2018 నుంచి దాని స్థానంలో కారుణ్య నియామకాలు అమలవుతున్నాయి. ఉద్యోగి మరణించినా, అనారోగ్యం వల్ల పనికి అనర్హుడని వైద్యమండలి తేల్చినా, ఆ కుటుంబంలో అర్హులైన ఒకరికి ఉద్యోగం లభిస్తుంది.

న్యాయశాస్త్రరీత్యా ఈ మార్పు సమంజసమైనదే. ఉద్యోగం జన్మహక్కుగా కాక, నష్టపోయిన కుటుంబానికి ఆసరాగా మారింది. అయితే కుటుంబాల దృష్టిలో దీనికి ఒక విషాదకరమైన అంచు ఉన్నది. కొడుకు బతుకు నిలబడాలంటే తండ్రి దేహం చెడిపోయినట్లు రుజువు కావాలి. దశాబ్దాల శ్రమకు దక్కే చివరి గౌరవం అనర్హత ధ్రువపత్రం కావడం ఈ ఏర్పాటులోని వైరుధ్యం.

4. పోషణ

గనులు వెలిసిన చోట్లు ఒకప్పుడు అడవులు, చిన్న పల్లెలు. కార్మికుడు నిలవాలంటే ఊరినే నిర్మించవలసి వచ్చింది. కొత్తగూడెం, ఇల్లందు, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, మణుగూరు వంటి పట్టణాలు గనుల చుట్టూ పెరిగినవే. క్వార్టర్లు, నీరు, విద్యుత్తు, పాఠశాలలు, కొత్తగూడెంలో మహిళా కళాశాల, కమ్యూనిటీ హాళ్లు, క్రీడామైదానాలు సంస్థ నిర్వహణలో ఏర్పడ్డాయి. కొత్తగూడెంలో ప్రధాన ఆసుపత్రి, ఇతర ఏరియాలలో ప్రాంతీయ ఆసుపత్రులు ఉద్యోగికీ అతని కుటుంబానికీ వైద్యం అందిస్తాయి. పెద్ద చికిత్సలకు హైదరాబాదు ఆసుపత్రులకు పంపుతారు.

విశ్రాంత జీవితానికి 1948 చట్టం కింద ఏర్పడిన బొగ్గు గనుల భవిష్యనిధి, 1998 పింఛను పథకం ఆధారం. 2021లో ఉద్యోగ విరమణ వయస్సును 60 నుంచి 61 సంవత్సరాలకు పెంచారు. 2024 ఫిబ్రవరిలో బ్యాంకు జీతం ఖాతాతో ముడిపెట్టి, ఉద్యోగులకు కోటి రూపాయల ప్రమాద బీమాను ప్రారంభించారు.

పోషణలో ఆర్థికేతరమైన అంశం ప్రాతినిధ్యం. 1998 నుంచి సింగరేణిలో రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు కార్మిక సంఘాన్ని ఎన్నుకొంటున్నారు. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలో సుమారు 40 వేల మంది ఓటర్లు ఉన్నారు. క్వార్టరు మరమ్మతు నుంచి ప్రమాద విచారణ వరకు కార్మికుడి గొంతు యాజమాన్యాన్ని చేరే మార్గం ఇదే.

5. రక్షణ

5.1 చట్టం గీసిన హద్దులు

గని రక్షణకు 1952 నాటి గనుల చట్టం పునాది వేసింది. భూగర్భంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు దాటి పని చేయించరాదని, 18 ఏళ్లు నిండనివారిని గనిలో నియమించరాదని అది నిర్దేశించింది. భూగర్భ కార్మికుడికి ప్రతి 15 పనిదినాలకు, ఇతరులకు ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున వేతనంతో కూడిన సెలవు ఇచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ ఈ చట్టంతో సహా 13 కేంద్ర చట్టాలను ఒక్కటి చేసింది. అయినా గనిలో నేడు పాటించే పద్ధతులు పాత చట్టం కింద రూపుదిద్దుకున్నవే. వాటి అమలును చూసేది ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్.

అదే చట్టంలోని 46వ సెక్షన్ మహిళలను భూగర్భ పనికి దూరంగా ఉంచింది. 2019 జనవరిలో కేంద్రం ఈ నిషేధాన్ని సడలించి, సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక బాధ్యతలలో పగటివేళ మహిళలు భూగర్భంలోకి దిగేందుకు అనుమతించింది. రక్షణ పేరిట ఒక వర్గాన్ని పనికే దూరం చేయడం కంటే, పనినే సురక్షితం చేయడం మేలన్న ఆలోచనకు ఇది సూచన.

5.2 ఒక షిఫ్టులో రక్షణ

నిబంధన ఆచరణగా మారేది షిఫ్టులోనే. కొత్తగా చేరినవాడు 1966 నాటి వృత్తిశిక్షణ నిబంధనల ప్రకారం శిక్షణ పొందిన తరువాతే గనిలో అడుగుపెట్టాలి. షిఫ్టు మొదట్లో కార్మికుడు మస్టరు పడి, క్యాప్ ల్యాంపు, హెల్మెట్, విషవాయువు నుంచి కాపాడే సెల్ఫ్ రెస్క్యూయర్ తీసుకొని లోపలికి దిగుతాడు. ముందుగా పనిస్థలాన్ని మైనింగ్ సర్దార్ పరీక్షిస్తాడు. కప్పును కర్రతో తట్టి శబ్దం వింటాడు. గట్టి రాయి మోగే తీరు వేరు, పొర వీడిన రాయి బొళుకుగా పలికే తీరు వేరు. మీథేన్ పరిమాణాన్ని పరికరంతో చూస్తాడు. గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే విద్యుత్తు నిలిపివేయాలి. పైకప్పు కూలకుండా రూఫ్ బోల్టులు, దిమ్మెలు, ఆధారాలు అమర్చనిదే పని సాగరాదు. నీరు నిలిచిన పాత గనికి 60 మీటర్ల లోపు తవ్వాలంటే ప్రత్యేక అనుమతి, ముందుజాగ్రత్తలు అవసరం.

కార్మికుల పక్షాన కూడా తనిఖీ ఉంటుంది. 500 మందికి మించి పనిచేసే గనిలో గనితవ్వకం, విద్యుత్, యంత్ర విభాగాలకు ముగ్గురు కార్మిక తనిఖీదారులు ఉంటారు. 100 మంది దాటిన గనిలో రక్షణ కమిటీ ఉండాలి. ప్రతి కార్మికుడికి నిర్ణీత కాలవ్యవధిలో వైద్యపరీక్ష జరగాలి. ఛాతీ ఎక్స్‌రే అందులో ముఖ్యమైనది, ఎందుకంటే బొగ్గుధూళి చేసే హాని ఏళ్ల తరువాత గాని బయటపడదు.

5.3 రెస్క్యూ దళాలు

నివారణ విఫలమైనప్పుడు ఆఖరి ఆశ రెస్క్యూ దళం. 1985 నాటి గని రక్షణ నిబంధనల ప్రకారం శిక్షణ పొందిన కార్మికులు ప్రాణవాయు పరికరాలు ధరించి, పొగ, విషవాయువులు నిండిన చోటికి వెళ్తారు. రామగుండంలో ప్రధాన రెస్క్యూ కేంద్రం ఉన్నది. ఈ నైపుణ్యం గనులకే పరిమితం కాలేదు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు సింగరేణి దళాలు కూడా సహాయక చర్యలలో పాల్గొన్నాయి.

5.4 ప్రమాదాలు చెప్పే పాఠం

ఇన్ని ఏర్పాట్లున్నా విషాదాలు ఆగలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది మరణించారు. అదే సంవత్సరం అక్టోబరులో గోదావరిఖని 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది ప్రాణాలు కోల్పోయారు. 2021 నవంబరు 10న శ్రీరాంపూర్ ఎస్‌ఆర్‌పీ–3 గనిలో నలుగురు కప్పు కింద నలిగిపోయారు. నీరు, పైకప్పు అనే రెండు ప్రమాదాలకూ నిబంధనలు ముందే ఉన్నాయి. నిబంధన ఉండడానికీ, ప్రతి షిఫ్టులో ప్రతి పనిస్థలంలో అది అమలు కావడానికీ మధ్య ఉన్న దూరంలోనే ప్రాణాలు పోతాయి.

మరి రెండు ఘటనలు వేరొక విషయాన్ని చెబుతాయి. 2020 జూన్ 2న రామగుండం ఓపెన్ కాస్ట్ గనిలో పేలుడు సంభవించి నలుగురు కాంట్రాక్టు కార్మికులు మరణించారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలినప్పుడు మరణించిన ముగ్గురిలో ఇద్దరు అధికారులు, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. అధికారి, కార్మికుడు, కాంట్రాక్టు మనిషి అన్న తేడాను కూలే కప్పు చూడదు.

6. మస్టరు వెలుపలి మనిషి

ఇంతవరకు వివరించిన ఆకర్షణ, పోషణలలో చాలా భాగం శాశ్వత ఉద్యోగికే చెందుతుంది. కాంట్రాక్టు కార్మికుడికి జాతీయ వేతన ఒప్పందం వర్తించదు. గుర్తింపు సంఘం ఎన్నికలో ఓటు లేదు. కారుణ్య నియామకం లేదు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు అమలైన హై పవర్ కమిటీ వేతనాలు తమకూ ఇవ్వాలని వీరు 2022 సెప్టెంబరులో సమ్మె చేశారు. 2024లో మొదటిసారిగా లాభాల నుంచి సుమారు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5,000 రూపాయలు ప్రకటించారు. శాశ్వత కార్మికుడి సగటు వాటాతో పోల్చితే ఇది సుమారు ముప్పై ఎనిమిదవ వంతు మాత్రమే. అయినా లాభంలో వీరి శ్రమ ఉన్నదని సంస్థ అంగీకరించిన మొదటి సందర్భంగా దీనికి విలువ ఉన్నది.

ఈ సందర్భంలో 1952 చట్టంలోని ఒక నిర్వచనం గమనార్హం. యజమాని, ఏజెంటు, మేనేజరు నియమించినవారే కాక, మేనేజరుకు తెలిసి గనిలో పనిచేసే ప్రతి ఒక్కరూ, వేతనం పొందినా పొందకపోయినా, గనిలో నియుక్తులే అని ఆ చట్టం అన్నది. ఎవరు జీతమిస్తున్నారన్నది దానికి ముఖ్యం కాదు, ఎవరు గనిలో ఉన్నారన్నదే ముఖ్యం. రక్షణ విషయంలో చట్టం గీసిన వలయం విశాలమైనది. సంక్షేమం, ప్రాతినిధ్యం విషయంలో సంస్థ వ్యవహారం గీసిన వలయం చిన్నది.

ఈ రెండు వలయాల మధ్య తేడా కేవలం వేతన సమస్య కాదు, అది రక్షణ సమస్య కూడా. పనిస్థలం సురక్షితం కాదని తోచినప్పుడు ఆ మాట అనగలిగేది ఉద్యోగానికి భరోసా ఉన్నవాడే. శాశ్వత కార్మికుడు సర్దారుతో వాదించగలడు, సంఘానికి చెప్పగలడు, కార్మిక తనిఖీదారుడిని పిలవగలడు. రేపటి పని కాంట్రాక్టరు దయపై ఆధారపడినవాడు నోరు విప్పడానికి వెనుకాడతాడు. పగులును మొదట చూసేది పనిస్థలంలో ఉన్న మనిషే. అతడు మౌనంగా ఉంటే, అతని పక్కనే పనిచేసే శాశ్వత కార్మికుడికీ ప్రమాదమే. అతడి అభద్రత అందరి అభద్రత అవుతుంది.

7. ముగింపు

పై పరిశీలనలో ఈ అంశాలు తేలుతున్నాయి.

• సింగరేణి కార్మికుడిని కేవలం వేతనంతో కాక, లాభంలో వాటా, ఇల్లు, వైద్యం, తరువాతి తరానికి ఆసరా కలిపి ఆకర్షించింది. అందువల్లనే ఇది అనేక కుటుంబాలకు తరాల జీవనాధారమైంది.

• వారసత్వ ఉద్యోగం కారుణ్య నియామకంగా మారడం సమానావకాశ సూత్రానికి అనుగుణమైనదే గాని, అనారోగ్యాన్ని ఉద్యోగానికి అర్హతగా మార్చే చిక్కును వెంట తెచ్చింది.

• గని రక్షణ చట్టంతో మొదలై, కప్పును తట్టి చూసే సర్దారు చెవిలో పూర్తవుతుంది. పెద్ద ప్రమాదాలు నిబంధనల కొరతను కాక, ఆచరణలోని అంతరాన్ని చూపుతున్నాయి.

• కాంట్రాక్టు కార్మికులకు సమానమైన శిక్షణ, వైద్యపరీక్ష, ప్రమాద పరిహారం, రక్షణ కమిటీలలో స్థానం కల్పించడం దాతృత్వం కాదు. గనిలో ఉన్న ప్రతి మనిషినీ లెక్కలోకి తీసుకున్న చట్టం సారాంశమే అది.

షిఫ్టు ముగిసినప్పుడు గని నుంచి పైకి వచ్చేవారిని లెక్కిస్తారు. ఆ లెక్కలో శాశ్వత కార్మికుడైనా కాంట్రాక్టు కార్మికుడైనా ఒక్కడే. మిగిలిన విషయాలలోనూ ఆ లెక్క వర్తించిన నాడే సింగరేణి తన మనుషులను పూర్తిగా కాపాడుకున్నట్లవుతుంది.